ఇంట్లో వైద్య పరికరాలు అవసరమయ్యే పెద్దలకు అదనపు ఆరోగ్య బీమా ఎంచుకోవడం ఎలా?

ఇంట్లో పెద్దవారికి ఆరోగ్య బీమా ఉందన్న ధీమా చాలా కుటుంబాల్లో డిశ్చార్జి రోజు వరకే నిలుస్తుంది. ఆసుపత్రి బిల్లులో ఎక్కువ భాగం బీమా కంపెనీ చెల్లిస్తుంది గానీ, వెళ్ళేటప్పుడు డాక్టరు రాసిచ్చే ఆక్సిజన్ కాన్సంట్రేటర్ (గాలి నుంచి ఆక్సిజన్‌ను వేరుచేసి ఇచ్చే యంత్రం), బైపాప్ యంత్రం (మాస్కు ద్వారా ఒత్తిడితో గాలి పంపి శ్వాసకు సాయపడేది), వాకర్, కమోడ్ కుర్చీ, ఎయిర్ బెడ్ వంటివాటి గురించి అడిగితే అవి పాలసీ పరిధిలోకి రావని జవాబు వస్తుంది. వినడానికి కష్టంగా ఉన్నా, ఆ జవాబు చాలాసార్లు నిబంధనల ప్రకారం సరైనదే. అందువల్ల అదనపు బీమా కొనాలనుకునేవారు ఏ కంపెనీ మంచిదని వాకబు చేసే ముందు, తమ ఇంట్లోని పెద్దవారికి కావలసిన పరికరం ఎక్కడ వాడేదో, దాని ఖర్చును ఏ పాలసీ అయినా భరిస్తుందో లేదో తేల్చుకోవాలి. ఈ పనిని ఏ క్రమంలో చేసుకోవాలో విశాఖపట్నంలోని కుటుంబాలను దృష్టిలో పెట్టుకుని ఇక్కడ వివరిస్తున్నాను.

ముందు పరికరాలను మూడు రకాలుగా విడదీయండి

ఒక కాగితం మీద మూడు గళ్ళు గీసి, పెద్దవారికి ఇప్పుడు వాడుతున్నవి, రాబోయే రెండు మూడేళ్ళలో అవసరం కావచ్చునని డాక్టరు చెప్పినవి అన్నీ వాటిలో రాయండి.

మొదటి గడిలో శరీరంలో అమర్చే పరికరాలు వస్తాయి. గుండెకు వేసే స్టెంటు, పేస్‌మేకర్, మోకీళ్ల మార్పిడిలో పెట్టే ఇంప్లాంటు, శుక్లాల ఆపరేషన్‌లో పెట్టే లెన్సు ఈ కోవలోవి. వీటిని ఆసుపత్రి చికిత్సలో భాగంగానే లెక్కిస్తారు కాబట్టి సాధారణ ఆరోగ్య బీమా పాలసీ వీటి ఖర్చును భరిస్తుంది. అయితే శుక్లాల ఆపరేషన్‌కు ఒక్కో కంటికి ఇంత అనీ, మోకీళ్ల మార్పిడికి ఒక్కో కాలికి ఇంత అనీ పరిమితి పెట్టే పాలసీలు ఉన్నాయి. స్టెంట్ల ధరలకు 2017 ఫిబ్రవరిలోనూ, మోకాలి ఇంప్లాంట్ల ధరలకు అదే ఏడాది ఆగస్టులోనూ జాతీయ ఔషధ ధరల నియంత్రణ సంస్థ గరిష్ఠ పరిమితి విధించింది. కాబట్టి బిల్లులో ఇంప్లాంటు ధరను విడిగా చూపమనీ, దాని పెట్టె మీది స్టిక్కర్‌ను కాగితాలకు జతచేయమనీ అడగడం రోగి బంధువులుగా మీకున్న హక్కు.

రెండో గడిలో ఆసుపత్రి మంచం దగ్గర మాత్రమే వాడే యంత్రాలు రాయండి. ఆసుపత్రిలో ఉన్నన్నాళ్ళూ వాడిన బైపాప్, అదే తరహా సీపాప్, మందును కొలత ప్రకారం ఎక్కించే ఇన్‌ఫ్యూజన్ పంపు వంటివాటి ఖర్చు చికిత్స ఖర్చులోనే కలిసిపోవాలని బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ జాబితాలు చెబుతున్నాయి. వీటికి విడిగా బిల్లు వేస్తే కంపెనీ ఆ మొత్తాన్ని కోసేసే అవకాశం ఉంది. అందుకని డిశ్చార్జికి ముందు రోజే బిల్లింగ్ విభాగంలో తాత్కాలిక బిల్లు అడిగి చూసుకోవాలి.

అసలు చిక్కు మూడో గడిలో ఉంది. ఇంటికి తెచ్చుకుని వాడే పరికరాలన్నీ ఇక్కడికే వస్తాయి. పాలసీ పుస్తకం చివర్లో చెల్లింపు లేని వస్తువుల జాబితా అని 68 వస్తువులు ఉంటాయి. నడకకు సాయపడే పరికరాలు, ఆసుపత్రి బయట వాడే ఆక్సిజన్ సిలిండర్, నెబ్యులైజర్ కిట్, మెడ కాలర్, మోకాలి బ్రేస్, నడుము బెల్టు, ఎయిర్ బెడ్, వాటర్ బెడ్, మధుమేహ రోగుల చెప్పులు, డైపర్లు, ప్రైవేటు నర్సు చార్జీలు ఆ జాబితాలో కనిపిస్తాయి. అది చాలదన్నట్టు మినహాయింపుల అధ్యాయంలో చాలా కంపెనీలు మరో వాక్యం కూడా రాస్తాయి. శరీరం బయట వాడే, ఎక్కువ కాలం మన్నే వైద్య పరికరాలకు, ఆ తరువాత ఇంట్లో వాడుకోగల ఏ యంత్రానికైనా చెల్లింపు ఉండదన్నది దాని సారాంశం. ఈ ఒక్క వాక్యం ఉందో లేదో చూస్తే పాలసీ గురించి సగం తెలిసినట్టే. ఏజెంటు చూపించే రంగుల కరపత్రంలో అది ఉండదు. పూర్తి పాలసీ నిబంధనల పత్రాన్ని కంపెనీ వెబ్‌సైట్ నుంచి దించుకుని చదవాలి.

మూడో గడిలోని ప్రతి పరికరానికీ ఎదురుగా డాక్టరుతో మాట్లాడి మరికొన్ని వివరాలు రాసుకోండి: రోజుకు ఎన్ని గంటలు వాడాలి, కొన్ని వారాలకేనా లేక జీవితాంతమా, అద్దెకు తెచ్చుకుంటే సరిపోతుందా. తుంటి ఎముక విరిగి ఆపరేషన్ అయినవారికి వాకర్ కొన్ని నెలలకే కావచ్చు. ఊపిరితిత్తుల జబ్బుతో రక్తంలో ఆక్సిజన్ తగ్గిపోయినవారికి కాన్సంట్రేటర్ రోజులో ఎక్కువ గంటలు, ఏళ్ళ తరబడి నడవాలి. ఈ రెంటికీ ఒకే బీమా ఆలోచన పనికిరాదు.

ఇప్పటికే ఉన్న రక్షణను లెక్కవేయండి

అదనపు బీమా అంటేనే అడుగున ఏదో ఒకటి ఉందని అర్థం. విశాఖలో ఆ అడుగు చాలామందికి ఉంది. కానీ అది ఏమేమి ఇస్తుందో పూర్తిగా తెలిసినవారు తక్కువ. నౌకాదళం, రైల్వే, స్టీల్ ప్లాంటు, పోర్టు, బ్యాంకులు, కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వ శాఖల నుంచి రిటైరైనవారు ప్రతి వీధిలోనూ ఉన్న నగరం ఇది.

సైనిక దళాల నుంచి రిటైరైనవారికి ఉన్న ఈసీహెచ్ఎస్, కేంద్ర ప్రభుత్వ పింఛనుదారులకు ఉన్న సీజీహెచ్ఎస్ అనే వైద్య పథకాలు ఈ విషయంలో ప్రైవేటు పాలసీల కంటే చాలా మెరుగు. వినికిడి యంత్రం, సీపాప్, బైపాప్, ఆక్సిజన్ కాన్సంట్రేటర్ వంటివాటికి నిపుణుడైన డాక్టరు సిఫార్సు, ముందస్తు అనుమతి ఉంటే, నిర్ణీత గరిష్ఠ ధరకు లోబడి ఇవి ఏర్పాటు చేస్తాయి లేదా డబ్బు తిరిగి చెల్లిస్తాయి. ముందు కొనేసి తరువాత అనుమతి కోసం తిరిగేవారికి మాత్రం కష్టం తప్పదు. కాబట్టి ఈ కార్డులు ఉన్నవారు పాలిక్లినిక్‌లో లేదా వెల్‌నెస్ సెంటర్‌లో రాతపూర్వకంగా అడిగి తెలుసుకున్న తరువాతే సర్జికల్ షాపుకు వెళ్ళాలి. మూడో గడికి ఇంత చక్కని జవాబు చేతిలో ఉండగా పరికరాల కోసమే ప్రైవేటు పాలసీకి ప్రీమియం కట్టడం నా దృష్టిలో వృథా.

రైల్వే నుంచి రిటైరైనవారు తమ వైద్య పథకం కార్డు మీద దొండపర్తి రైల్వే ఆసుపత్రిలోనూ, రాష్ట్ర ప్రభుత్వ పింఛనుదారులు ఈహెచ్ఎస్ హెల్త్ కార్డు మీద గుర్తింపు ఉన్న ఆసుపత్రుల్లోనూ విచారించుకోవాలి. ప్రభుత్వ రంగ బ్యాంకుల నుంచి రిటైరైనవారికి బ్యాంకుల సంఘం ద్వారా కుదిరిన గ్రూప్ పాలసీ, దానిమీద ఐచ్ఛికంగా తీసుకునే సూపర్ టాప్-అప్ (కింది పాలసీ చాలనప్పుడు పై ఖర్చు భరించే అదనపు పాలసీ) ఉన్నాయి. ఇలాంటి గ్రూప్ పాలసీల నిబంధనలు ఏటా రెన్యువల్ సమయంలో మారుతుంటాయి కాబట్టి నిరుటి కాగితం చూసి నిర్ణయం తీసుకోకూడదు.

ఎన్టీఆర్ వైద్య సేవ పరిధిలోకి వచ్చే కుటుంబాలు, అంటే ఇప్పటికీ అందరూ ఆరోగ్యశ్రీ అనే పిలుచుకునే పథకంలోనివారు, ఆసుపత్రి చికిత్సకు దాన్నే మొదటి ఆధారంగా చూసుకోవచ్చు. 70 ఏళ్ళు నిండినవారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఏడాదికి కుటుంబానికి 5 లక్షల రూపాయల వరకు చికిత్స అందించేలా కేంద్రం 2024 అక్టోబరులో ఆయుష్మాన్ వయ వందన కార్డును ప్రవేశపెట్టింది. ప్రైవేటు ఆరోగ్య బీమా ఉన్నవారికీ దీనికి అర్హత ఉంది. సీజీహెచ్ఎస్, ఈసీహెచ్ఎస్ ఉన్నవారు మాత్రం రెంటిలో ఒకదాన్ని ఎంచుకోవాలి. తొందరపడి ఈ కార్డు కోసం ఈసీహెచ్ఎస్‌ను వదులుకుంటే ఇంటికి పరికరాలు వచ్చే దారి కూడా మూసుకుపోతుందని గుర్తుంచుకోండి. ఏ పథకం ఏ ఆసుపత్రిలో ప్రస్తుతం అమలవుతోందో ప్రభుత్వ ఆసుపత్రులైన కేజీహెచ్, విమ్స్, లేదా మీరు వెళ్ళే ప్రైవేటు ఆసుపత్రిలోని పథకాల కౌంటర్‌లో ఆధార్ కార్డు చూపించి అడగడమే నమ్మదగిన పద్ధతి. ఒకే అడ్మిషన్‌కు సగం ప్రభుత్వ పథకం, సగం ప్రైవేటు బీమా అన్న లెక్క సాధారణంగా కుదరదు. చేరేటప్పుడే ఏ దారిలో వెళ్ళాలో నిర్ణయించుకోవాలి.

ఏ లోటుకు ఏ పాలసీ?

ఇప్పుడు మీ దగ్గర రెండు కాగితాలు ఉన్నాయి: అవసరాల పట్టిక ఒకటి, ఉన్న రక్షణల పట్టిక ఒకటి. రెంటినీ పక్కపక్కన పెడితే లోటు ఎక్కడుందో కనిపిస్తుంది.

బీమా మొత్తం చాలదన్నది లోటు అయితే సూపర్ టాప్-అప్ చూడాలి. దీనికీ మామూలు టాప్-అప్‌కూ ఉన్న తేడా ఒక ఉదాహరణతో తెలుస్తుంది. మీ అమ్మగారికి 3 లక్షల పాలసీ ఉందనుకుందాం. ఒకే ఏడాదిలో ఒకసారి రెండున్నర లక్షలు, మరోసారి 2 లక్షలు ఖర్చయ్యాయి. మొదటి పాలసీ 3 లక్షలు ఇచ్చి ఆగిపోతుంది, లక్షన్నర మిగులుతుంది. 3 లక్షల డిడక్టబుల్‌తో, అంటే ఖర్చు ఆ మొత్తం దాటాకే చెల్లించే షరతుతో, తీసుకున్న మామూలు టాప్-అప్ ప్రతి అడ్మిషన్‌నూ విడిగా చూస్తుంది. ఏ ఒక్కసారీ ఖర్చు 3 లక్షలు దాటలేదు కాబట్టి అది ఏమీ ఇవ్వదు. సూపర్ టాప్-అప్ ఏడాది మొత్తం ఖర్చును కలిపి చూస్తుంది కాబట్టి ఆ లక్షన్నర చెల్లిస్తుంది. పెద్దవారికి తరచుగా చిన్న చిన్న అడ్మిషన్లే వస్తుంటాయి గనుక వారికి సూపర్ టాప్-అప్ తప్ప మామూలు టాప్-అప్‌ను నేను సిఫార్సు చేయను.

ఇక్కడ ఎవరూ చెప్పని మెలిక ఒకటుంది. డిడక్టబుల్ దాటిందో లేదో లెక్కించేటప్పుడు కంపెనీ తన నిబంధనల ప్రకారం చెల్లింపుకు అర్హమైన ఖర్చులనే కలుపుతుంది. మీరు వాకర్‌కు, బెల్టుకు, నెబ్యులైజర్‌కు పెట్టిన డబ్బు అందులోకి రాదు. అడుగున ఉన్నది ప్రభుత్వ పథకమో, సంస్థ ఇచ్చే వైద్య సదుపాయమో అయితే మరో ఇబ్బంది వస్తుంది. అక్కడ చికిత్స ఉచితంగా జరిగిపోయి చేతికి బిల్లు రాకపోతే డిడక్టబుల్ మేర ఖర్చయిందని చూపడానికి ఆధారం ఉండదు. అలాంటి చికిత్స ఖర్చును లెక్కలోకి తీసుకుంటారా, ఏ కాగితాలు కావాలి అని కొనే ముందే కంపెనీని ఈమెయిల్‌లో అడిగి, జవాబును దాచుకోండి.

ఆసుపత్రి బిల్లులో చిల్లర వస్తువుల కోతే పెద్ద లోటు అయితే కన్స్యూమబుల్స్ రైడర్ (అదనపు ప్రీమియంతో పాలసీకి జతచేసుకునే సదుపాయం) ఉపయోగపడుతుంది. పైన చెప్పిన 68 వస్తువుల జాబితాకు ఈ రైడర్ చెల్లిస్తుంది. అయితే ఆసుపత్రిలో ఉన్నప్పుడు వాడినవాటికి మాత్రమే అని కొన్ని రైడర్లలో రాసి ఉంటుంది. మోకీళ్ల మార్పిడి తరువాత ఆసుపత్రి ఫార్మసీలోనే కొని ఇంటికి తెచ్చుకున్న వాకర్, మోకాలి బ్రేస్ దీని కిందికి వస్తాయా రావా అన్నది ఆ వాక్యం మీదే ఆధారపడి ఉంటుంది.

ఇంట్లో వాడే పరికరాలకే చెల్లించే రైడర్లు, ప్లాన్లు ఇప్పుడు కొన్ని కంపెనీల్లో వచ్చాయి. వీటిలో ఏయే పరికరాలకు చెల్లిస్తారో పేర్లతో సహా జాబితా ఉంటుంది. జాబితాలో లేనిదానికి పైసా రాదు. వీల్‌చైర్ ఉండి వినికిడి యంత్రం లేకపోవచ్చు. కొనుగోలు ఉండి అద్దె లేకపోవచ్చు. ఆసుపత్రిలో చేరి చికిత్స పొందిన జబ్బుకే వర్తిస్తుందా, అవుట్ పేషెంటుగా డాక్టరు రాసినా చాలా అన్నది మరో కీలకమైన ప్రశ్న. నిద్రలో శ్వాస ఆగిపోయే జబ్బుకు సీపాప్ వాడేవారిలో చాలామంది ఆసుపత్రిలో చేరరు, పరీక్ష చేయించుకుని యంత్రం తెచ్చుకుంటారు. కేవలం పరీక్ష కోసం చేరితే అది చెల్లింపు లేని అడ్మిషన్ అవుతుంది. అలాంటివారికి చేరిక తప్పనిసరి అన్న రైడర్ పనికిరాదు.

ఈ రైడర్ తీసుకునే ముందు లెక్క వేయండి. రైడర్‌కు ఏడాదికి 4,000 రూపాయలు, ముందునుంచీ ఉన్న జబ్బుకు మూడేళ్ళ వెయిటింగ్ పీరియడ్ (అంతవరకు చెల్లింపు ఉండని కాలం), 20 శాతం కో-పే (ప్రతి చెల్లింపులోనూ మీ వాటా) అనుకుందాం. 50,000 రూపాయల యంత్రానికి నాలుగో ఏడాదిలో 40,000 వస్తుంది, అప్పటికి మీరు కట్టింది 16,000. కాగితం మీద లాభంగానే ఉంది. కానీ మీ నాన్నగారికి ఆ యంత్రం ఈ వారమే కావాలంటే మూడేళ్ళు ఆగడం సాధ్యం కాదు, ఈ రోజు కొన్నదానికి నాలుగో ఏడాదిలో డబ్బు రాదు. కాబట్టి పరికరం ఇప్పటికే వాడుతున్నవారు దానికోసం పాలసీల వెంట పడకుండా, కొనడానికో అద్దెకో కొంత డబ్బు పక్కన పెట్టుకుని, బీమాను ఆసుపత్రి ఖర్చుల కోసమే ఎంచుకోవడం మంచిది. జబ్బు ఇంకా తొలి దశలో ఉండి, మూడు నాలుగేళ్ళ తరువాత యంత్రం అవసరం కావచ్చునని డాక్టరు అంచనా వేస్తే మాత్రం రైడర్‌ను ఆలోచించవచ్చు.

వీటికి తోడు, ఆసుపత్రిలో ఉన్న ప్రతి రోజుకూ ఇంత అని నగదు ఇచ్చే హాస్పిటల్ క్యాష్ పాలసీలు ఉన్నాయి. బిల్లుతో సంబంధం లేకుండా ఇచ్చే ఆ డబ్బును మీరు దేనికైనా వాడుకోవచ్చు, కాబట్టి కమోడ్ కుర్చీకో అద్దె మంచానికో పనికివస్తుంది. మొత్తం చిన్నదే అయినా మూడో గడి ఖర్చుకు మినహాయింపుల గొడవ లేకుండా చేతికి వచ్చే డబ్బు ఇక్కడ చెప్పినవాటిలో ఇదొక్కటే. అవుట్ పేషెంటు ఖర్చులు చెల్లించే రైడర్లకు ప్రీమియం ఎక్కువ, పరిమితి తక్కువ, పెద్దగా ఆశించవద్దు.

ఇంట్లోనే ఆసుపత్రి తరహా చికిత్స అనే నిబంధనను చూసి కొందరు పొరబడతారు. రోగిని కదల్చలేని స్థితి ఉండాలి, లేదా ఆసుపత్రిలో పడక దొరకని స్థితి ఉండాలి, చికిత్స మూడు రోజులకు మించి సాగాలి అన్నవి దాని షరతులు. పైగా ఉబ్బసం, దీర్ఘకాలిక దగ్గు, మధుమేహం, రక్తపోటు వంటివాటిని చాలా పాలసీలు ఇందులోంచి తీసేస్తాయి. ఇంట్లో కాన్సంట్రేటర్ పెట్టుకున్నంత మాత్రాన ఈ నిబంధన వర్తించదు.

నిబంధనల్లో వేలు పెట్టి చదవవలసిన చోట్లు

ముందునుంచీ ఉన్న జబ్బులకు వెయిటింగ్ పీరియడ్ 36 నెలలకు మించకూడదని 2024లో ఐఆర్‌డీఏఐ నిర్ణయించింది. అంతకుముందు అది 48 నెలలు. పెద్దల కోసం తయారైన కొన్ని పాలసీల్లో ఇది ఇంకా తక్కువగా ఉంటుంది. ప్రీమియం కొంచెం ఎక్కువైనా వెయిటింగ్ పీరియడ్ తక్కువ ఉన్నదే పెద్దవారికి మేలు. వయసు ఎక్కువైందన్న ఒక్క కారణంతో బీమా అమ్మకుండా ఉండేందుకు గతంలో ఉన్న 65 ఏళ్ళ పరిమితి కూడా ఇప్పుడు లేదు. అంతమాత్రాన ప్రతి కంపెనీ ప్రతి ఒక్కరికీ పాలసీ ఇస్తుందని అర్థం కాదు. వైద్య పరీక్షల తరువాత నిరాకరించే హక్కు కంపెనీకి ఉంటుంది.

ప్రపోజల్ ఫారంలో జబ్బుల వివరాలు దాచవద్దు. ఏజెంటు తొందరలో అన్నింటికీ లేదు అని నింపేస్తానంటే ఫారం తీసుకుని మీరే నింపండి. ఇంట్లో ఇప్పటికే వాడుతున్న యంత్రం గురించి, అది ఎప్పటినుంచి వాడుతున్నారో రాయండి. క్లెయిం వచ్చినప్పుడు ఆసుపత్రి కేసు షీటులో బైపాప్ మీద ఉన్నారని డాక్టరు రాస్తే, ఫారంలో లేని ఆ ఒక్క ముక్క చాలు కంపెనీ అభ్యంతరం చెప్పడానికి. 60 నెలలు ఎడతెగకుండా పాలసీ నడిచిన తరువాత వివరాలు దాచారన్న కారణంతో క్లెయింను తిరస్కరించలేరు. మోసం రుజువైతే మాత్రం ఆ రక్షణ వర్తించదు.

కో-పే అంటే ప్రతి చెల్లింపులోనూ మీ వాటా. పెద్దల పాలసీల్లో 20 శాతం, అంతకంటే ఎక్కువ కూడా ఉంటుంది. 4 లక్షల బిల్లు మీద 20 శాతం అంటే 80,000 రూపాయలు. అది ఒక బైపాప్ యంత్రానికి పెట్టే డబ్బుతో సమానం కావచ్చు. కొంచెం ఎక్కువ ప్రీమియం కట్టి కో-పే తీసేయించుకోగలిగితే, ఆ వెసులుబాటు ఏ పరికరాల రైడర్ కంటే విలువైనదని నేను అనుకుంటాను.

గది అద్దె పరిమితిని కూడా చూడండి. రోజుకు 5,000 పరిమితి ఉన్న పాలసీతో 10,000 గదిలో చేరితే డాక్టర్ల ఫీజులు, ఆపరేషన్ థియేటరు చార్జీలు వంటివాటిలో సగం కోత పడవచ్చు. అయితే మందులు, వాడి పారేసే వస్తువులు, ఇంప్లాంట్లు, వైద్య పరికరాలు, పరీక్షల ఖర్చుల మీద ఈ దామాషా కోత విధించకూడదని ఐఆర్‌డీఏఐ నిబంధన ఉంది. పేస్‌మేకర్ ధరలోనూ సగం కోసినట్టు కనిపిస్తే ఆ నిబంధనను ఎత్తిచూపి రాతపూర్వకంగా అడగండి.

ప్రీమియం విషయంలో రెండు మంచి మార్పులు వచ్చాయి. పెద్దల పాలసీల ప్రీమియంను ఏడాదికి 10 శాతానికి మించి పెంచాలంటే కంపెనీలు ముందుగా ఐఆర్‌డీఏఐని సంప్రదించాలని 2025 జనవరిలో ఆదేశం వచ్చింది. వ్యక్తిగత ఆరోగ్య బీమా పాలసీల మీద ఉన్న 18 శాతం జీఎస్టీని 2025 సెప్టెంబరు 22 నుంచి తొలగించారు. పాత పద్ధతిలో ఆదాయపు పన్ను లెక్కించేవారు 60 దాటిన తల్లిదండ్రుల ప్రీమియం మీద ఏడాదికి 50,000 రూపాయల వరకు మినహాయింపు పొందవచ్చు. ప్రీమియంను నగదుగా కట్టకూడదు. ఏ బీమా పాలసీ లేని పెద్దల వైద్య ఖర్చులకు కూడా అదే పరిమితిలో ఆ మినహాయింపు వర్తిస్తుంది.

విశాఖలో చూసుకోవలసినవి

నెట్‌వర్క్ ఆసుపత్రుల జాబితాలో ఎన్ని ఆసుపత్రులు ఉన్నాయన్నది లెక్క కాదు. గాజువాకలో ఉన్నవారికి అర్ధరాత్రి ఊపిరాడకపోతే ఆరిలోవ హెల్త్ సిటీ దాకా వెళ్ళడం కష్టం. మధురవాడలో ఉన్నవారికి గాజువాక ఆసుపత్రి పేరు జాబితాలో ఉన్నా ఉపయోగం తక్కువ. ఇంటికి దగ్గరలో అత్యవసరానికి ఒకటి, పెద్దవారి డాక్టరు చూసే ఆసుపత్రి ఒకటి, ఈ రెండూ జాబితాలో ఉండాలి. ఆసుపత్రి బీమా డెస్కులో ఆ కంపెనీ పేరు చెప్పి, క్యాష్‌లెస్ (కంపెనీయే ఆసుపత్రికి నేరుగా చెల్లించే పద్ధతి) ఇప్పుడు నడుస్తోందా అని నేరుగా అడగండి. వెబ్‌సైటులో పేరు ఉండి ఆసుపత్రిలో ఒప్పందం ఆగిపోయిన సందర్భాలు ఉంటాయి.

బీమా చెల్లించని మూడో గడి పరికరాల కోసం కేజీహెచ్ ఎదుట, మహారాణిపేట, జగదాంబ పరిసరాల్లోని సర్జికల్ షాపుల్లో కొనుగోలు ధర, అద్దె రెండూ అడగండి. కొన్ని నెలల అవసరానికి మంచం, వీల్‌చైర్ అద్దెకు తెచ్చుకోవడమే లాభం. సముద్రానికి దగ్గరగా ఉండే ఇళ్ళలో ఉప్పుగాలికి మామూలు ఇనుప చట్రాలు త్వరగా తుప్పు పడతాయి కాబట్టి అల్యూమినియం లేదా స్టెయిన్‌లెస్ స్టీలు తీసుకోండి. మరమ్మతులకు ఏ పాలసీ డబ్బు ఇవ్వదు. కాన్సంట్రేటర్ కరెంటు మీద నడిచే యంత్రం. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు నగరంలో చాలా ప్రాంతాలు రోజుల తరబడి చీకట్లో ఉన్నాయి. ఇన్వర్టరుకూ, అత్యవసరానికి ఉంచుకునే సిలిండరుకూ అయ్యే ఖర్చు బీమాలోకి రాదు గనుక ఆ డబ్బును మీ పరికరాల నిధిలో మొదటే కలుపుకోండి.

నెలకు 15,000 రూపాయలకు మించని ఆదాయం ఉన్న, లేదా దారిద్ర్యరేఖకు దిగువన ఉన్న 60 ఏళ్ళు దాటినవారికి కేంద్రం రాష్ట్రీయ వయోశ్రీ యోజన కింద చేతికర్రలు, వాకర్లు, వీల్‌చైర్లు, వినికిడి యంత్రాలు, కళ్ళజోళ్ళు, కట్టుడు పళ్ళు ఉచితంగా ఇస్తుంది. 2017లో మన నెల్లూరులోనే మొదలైన ఈ పథకాన్ని అలిమ్‌కో అనే కేంద్ర ప్రభుత్వ సంస్థ శిబిరాల ద్వారా అమలు చేస్తుంది. శిబిరం ఎప్పుడు పెడతారో కలెక్టరేట్‌లో వయోవృద్ధుల సంక్షేమం చూసే విభాగంలో తెలుసుకోవచ్చు. అర్హత ఉన్నవారు ముందు ఈ తలుపు తట్టాలి.

కొన్న తరువాత

పాలసీ పత్రం చేతికి అందిన నాటి నుంచి 30 రోజుల్లోపు నచ్చకపోతే రద్దు చేసుకునే వీలుంది. ఆ గడువులో మొదటి కాగితం మళ్ళీ బయటకు తీసి, మీరు అడిగిన రైడర్ నిజంగా చేరిందా, ఫారంలో రాసిన జబ్బులన్నీ పత్రంలో కనిపిస్తున్నాయా, కో-పే ఎంత పడిందో చూడండి. ఇప్పటికే ఉన్న పాలసీ నచ్చక మరో కంపెనీకి మారాలంటే రెన్యువల్ తేదీకి కనీసం 45 రోజుల ముందు పోర్టబిలిటీకి దరఖాస్తు చేయాలి. అలా మారితే మీరు గడిపిన వెయిటింగ్ పీరియడ్ వృథా కాదు. పాత పాలసీని వదిలేసి కొత్తది కొంటే అది సున్నా నుంచి మొదలవుతుంది.

పరికరానికి క్లెయిం వేయవలసి వస్తే డాక్టరు చీటీలో పరికరం పేరు మాత్రమే ఉంటే చాలదు. ఏ జబ్బుకు, ఎందుకు అవసరమో, రోజుకు ఎన్ని గంటలు వాడాలో రాయించండి. ఆక్సిజన్ యంత్రానికి రక్తంలో ఆక్సిజన్ పరీక్ష ఫలితం, సీపాప్‌కు నిద్ర పరీక్ష నివేదిక జతచేయాలి. బిల్లు రోగి పేరు మీద, యంత్రం సీరియల్ నంబరుతో, జీఎస్టీ వివరాలతో ఉండాలి. ఆసుపత్రిలో చేరినప్పుడు క్యాష్‌లెస్ అనుమతి మీద గంటలోపు, డిశ్చార్జి సమయంలో తుది అనుమతి మీద మూడు గంటల్లోపు కంపెనీ నిర్ణయం చెప్పాలన్నది 2024 నాటి నియమం. ఆలస్యమైతే ఆసుపత్రి డెస్కుతో పాటు కంపెనీ హెల్ప్‌లైన్‌కు కూడా ఫోన్ చేసి, ఫిర్యాదు నంబరు రాసుకోండి.

తిరస్కరణ లేఖ వస్తే అందులో పాలసీలోని ఏ నిబంధన కింద తిరస్కరించారో ఉండాలి. లేకపోతే అడగండి. మొదట కంపెనీ ఫిర్యాదుల విభాగానికి రాసి, 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు సరిగా లేకపోయినా బీమా వివాదాలను విచారించే అధికారి అయిన బీమా అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చు. ఆంధ్రప్రదేశ్ ఫిర్యాదులను హైదరాబాద్ కార్యాలయం చూస్తుంది. 50 లక్షల రూపాయల వరకు ఉన్న వివాదాలను రుసుము లేకుండా విచారిస్తుంది. కంపెనీ తిరస్కరించిన ఏడాదిలోపు వెళ్ళాలి, ఆన్‌లైన్‌లోనూ దాఖలు చేయవచ్చు. ఐఆర్‌డీఏఐ నడిపే బీమా భరోసా పోర్టల్‌లో గానీ, 155255 నంబరుకు ఫోన్ చేసి గానీ ఫిర్యాదు నమోదు చేయించవచ్చు. ఫిర్యాదుతో పాటు పాలసీ నిబంధనల్లోని సంబంధిత పేజీ, డాక్టరు లేఖ, కొనే ముందు కంపెనీ మీకు ఈమెయిల్‌లో ఇచ్చిన జవాబు జతచేయండి.